ఒక్క శనివారం కోరంగికి ఇవ్వండి



కోరంగి మడ అడవికి ఒకరోజు ఫీల్డ్ ట్రిప్ అని సర్కులర్ పంపిన మర్నాడు, స్కూలు గేటు దగ్గర ఒక నాన్నగారు నన్ను ఆపారు. "మాస్టారూ, ఆ శనివారం వీకెండ్ టెస్ట్ ఉందంట కదా. మావాడు ట్రిప్‌కి రాకపోతే మార్కులేమైనా తగ్గుతాయా?" అని అడిగారు. "తగ్గవండీ" అన్నాను. "అయితే వద్దులెండి. ఇంటి దగ్గర కూర్చుని చదువుకుంటాడు" అని బండి స్టార్ట్ చేసుకుని వెళ్లిపోయారు.

ఆయన మీద నాకు కోపం లేదు. పిల్లాడి చదువు కోసం నెలనెలా ఎంత సర్దుకుంటున్నారో ఆయనకే తెలుసు. పైగా టెస్టులు, ర్యాంకులు, ఫౌండేషన్ క్లాసులు అంటూ ఆ లెక్క నేర్పింది మనమే, అంటే మా స్కూళ్లే. కానీ ఆ రోజు నేను చెప్పిన జవాబు నిజమే అయినా సగమే. గేటు దగ్గర నిలబడి చెప్పలేకపోయిన మిగతా సగం ఈ పేజీలో చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆరు నుంచి తొమ్మిదో తరగతి దాకా చదివే మన పిల్లల్ని ఏడాదికి ఒక్కరోజు కోరంగికి పంపాలి. ఒక టెస్ట్ పోయినా సరే పంపాలి. అయితే ఎలా తీసుకెళ్తున్నారు, ఏ టైముకి తీసుకెళ్తున్నారు, ఎంతమందిని తీసుకెళ్తున్నారు అని మమ్మల్ని నిలదీసి అడిగిన తర్వాతే పంపాలి. ఈ రెండో మాట కూడా మొదటిదంత ముఖ్యం.

మన గోదావరి ఎక్కడిదాకా వెళ్తుంది?

ప్రతి ఏడాదీ ఎనిమిదో తరగతిలో నేనొక పని చేయిస్తాను. పుస్తకం చూడకుండా గోదావరి బొమ్మ గీయమంటాను. రాజమండ్రి పిల్లలు కదా, పుష్కర ఘాట్, రోడ్డు కమ్ రైలు బ్రిడ్జి, ఆర్చ్ బ్రిడ్జి, ధవళేశ్వరం బ్యారేజీ చకచకా గీసేస్తారు. అక్కడ పెన్సిల్ ఆగిపోతుంది. బ్యారేజీ కింద ఒక నీలం గీత గీసి "సముద్రం" అని రాసి ఇచ్చేస్తారు. కోనసీమలో అమ్మమ్మగారి ఊరున్న పిల్లలు మాత్రం ఇంకో రెండు పాయలు కలుపుతారు.

ధవళేశ్వరం దగ్గర 1847లో మొదలుపెట్టి 1852లో కాటన్ దొర పూర్తి చేయించిన ఆనకట్ట గురించి పిల్లలకి బాగా తెలుసు. దాని దిగువన గోదావరి గౌతమి, వశిష్ఠగా చీలుతుందనీ, వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుందనీ వల్లించేస్తారు. గౌతమి నుంచి కోరంగి పాయ విడిపోయి కాకినాడ వైపు తిరుగుతుందని, ఆ నీరు సముద్రంలో కలిసే చోట ఉప్పునీటిలో బతికే ఒక పెద్ద అడవి ఉందని మాత్రం చాలామందికి తెలియదు. మన స్కూలు నుంచి అక్కడికి బస్సులో సుమారు రెండు గంటలు.

ఇంగ్లీషు బోర్డుల మీద కోరింగ అని ఉండే ఆ అడవిని 1978లో వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటించారు. విస్తీర్ణం 235 చదరపు కిలోమీటర్లకు పైనే. మన దేశంలో ఉన్న పెద్ద మడ అడవుల్లో ఇదొకటి. దానికి తూర్పున, కాకినాడ అఖాతానికి అడ్డుగోడలా హోప్ ఐలాండ్ ఉంది. ఐలాండ్ అంటాం గానీ అది డెల్టా నుంచి ఉత్తరం వైపు సాగిన సన్నటి ఇసుక నాలుక. గోదావరి మోసుకొచ్చిన ఇసుకని సముద్రపు అలలూ ప్రవాహాలూ ఉత్తరానికి నెట్టుకుంటూ పోగా, గత రెండు వందల ఏళ్లలో ఏర్పడిన నేల అది. భూగోళం వయసుతో పోలిస్తే నిన్నగాక మొన్న పుట్టిందన్నమాట. కాకినాడ రేవు నీళ్లు అంత నెమ్మదిగా ఉండడానికి కారణం ఆ ఇసుకే. బయటి సముద్రపు అలలు నేరుగా వచ్చి రేవుని కొట్టకుండా అది కాస్తోంది.

"నదులు ఒండ్రును తెచ్చి డెల్టాను ఏర్పరుస్తాయి" అన్న వాక్యానికి పిల్లలు రెండు మార్కులు తెచ్చుకుంటారు. ఆ పని ఇంకా జరుగుతూనే ఉందని, మనం ఉంటున్న నేల కూడా ఒకప్పుడు అలా వచ్చిందేనని చూపించాలంటే ఇంతకంటే దగ్గర చోటు లేదు.

అక్కడ పిల్లలు ఏం చూస్తారు?

ముందు ఏం చూడరో చెబుతాను. కోరంగి పేరు చెప్పగానే అందరూ అడిగేది చేపల్ని వేటాడే పిల్లి గురించి. దాన్ని మనవాళ్లు బావురు పిల్లి అంటారు, ఫిషింగ్ క్యాట్ అంటారు. ఇంటి పిల్లికి రెట్టింపు ఉంటుంది, నీళ్లలోకి దిగి చేపని పట్టుకుంటుంది. ఈ అడవిలో అవి ఉన్నాయి. అటవీ శాఖ కెమెరాలు పెట్టి లెక్క కూడా తీసింది. కానీ అది రాత్రిపూట తిరిగే జంతువు. పగలు వెళ్లిన మన పిల్లలకి కనిపించే అవకాశం లేదనే అనుకోవాలి. నీటి కుక్కలు కూడా అదృష్టం ఉంటేనే కనిపిస్తాయి. ఈ మాట బస్సెక్కక ముందే పిల్లలకి చెప్పేస్తాను. లేకపోతే జూకి వెళ్లినట్టు వెళ్లి, "ఏమీ లేదు సార్" అని తిరిగొస్తారు.

ఇక కనిపించేవి. చొల్లంగి దగ్గర అడవి మధ్యలోంచి చెక్కల నడక దారి ఉంది. పాటు సమయంలో, అంటే నీళ్లు వెనక్కి తీసినప్పుడు వెళ్తే, రెండు పక్కలా బురదలోంచి వేలకొద్దీ పెన్సిళ్లు గుచ్చినట్టు పైకి లేచిన వేర్లు కనిపిస్తాయి. అవి మడ చెట్ల శ్వాస వేర్లు. బురదలో గాలి ఆడదు కాబట్టి చెట్టు తన వేర్లని పైకి పంపి గాలి పీల్చుకుంటుంది. కొన్ని చెట్లకి కాండం నుంచి కిందికి దిగిన ఊత వేర్లు ఉంటాయి. అలలు వచ్చినా చెట్టు కదలకుండా అవి పట్టుకుంటాయి. కొన్నిటి గింజ చెట్టు మీద ఉండగానే మొలకెత్తి, పొడుగ్గా కాడలా పెరిగి, ఆ తర్వాత రాలి బురదలో దిగబడుతుంది. తెల్ల మడ ఆకు మీద కొన్నిసార్లు ఉప్పు పొడి కనిపిస్తుంది. లోపలికి వచ్చిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల ద్వారా బయటికి పంపుతుంది. తిల్ల చెట్టుని మాత్రం ముట్టుకోనివ్వం, దాని పాలు కంట్లో పడితే ప్రమాదం.

బురద మీద చిన్న పీతలుంటాయి. మగ పీతకి ఒక డెక్క శరీరమంత పెద్దగా ఉంటుంది, దాన్ని ఊపుతూ ఆడపీతని పిలుస్తుంది, పక్కవాడిని బెదిరిస్తుంది. వేళ్లంత పొడవున్న చేపలు నీళ్లలోంచి బయటికొచ్చి రెక్కల మీద గెంతుతూ బురద మీద పోతుంటాయి. చేప నేల మీద నడవడం చూసిన పిల్లాడికి అనుకూలనం అనే మాటకి అర్థం మళ్లీ చెప్పక్కర్లేదు. పైన కొంగలు, లకుముకి పిట్టలు, గరుడ పక్షులు ఉంటాయి. చలికాలమైతే ఎక్కడో ఉత్తరాన మంచు దేశాల్లో గుడ్లు పెట్టి, ఇక్కడి బురదలో తిండి కోసం వచ్చిన ఉల్లంకి పిట్టలు గుంపులుగా దిగుతాయి.

ఇదివరకు ఒక ట్రిప్‌లో జరిగిన చిన్న సంగతి చెబుతాను. మా సెక్షన్‌లో ఒక అబ్బాయి ఉండేవాడు. ర్యాంకుల లిస్టులో కింద నుంచి వెతికితే తొందరగా దొరికే పేరు. వాళ్ల నాన్న వేట మీద బతికే మనిషి, ఆ తర్వాత రాజమండ్రి వచ్చి స్థిరపడ్డారు. ఆ రోజు నడక దారి చివర ఒకాయన మండపీతని పట్టి తాడుతో కట్టి చూపించాడు. "ఇది మగదా, ఆడదా?" అని నేను అడిగేలోపే ఈ అబ్బాయి "పొట్ట కింద మూత సన్నగా మూలలా ఉంది సార్, మగది. ఆడదానికి వెడల్పుగా గుండ్రంగా ఉంటది" అన్నాడు. ఇప్పుడు పోటు ఎక్కుతోందా, పాటు తీస్తోందా అన్నది కూడా నీళ్లలో కొట్టుకుపోతున్న ఆకుని చూసి చెప్పాడు. ఫస్ట్ ర్యాంకు అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని వాడి వెనకాల తిరిగింది. తర్వాత టెస్టులో వాడి ర్యాంకు ఏమీ మారలేదు. కానీ వాడికి ఏమీ రాదని అనుకోవడం మాత్రం క్లాసులో ఎవరూ మళ్లీ చేయలేదు. నేను కూడా.

ఇసుక మీద కనిపించిన జాడ

హోప్ ఐలాండ్ సంగతి వేరు. అక్కడికి అటవీ శాఖ అనుమతి, పడవ, వాతావరణం మూడూ కుదిరితేనే వెళ్లగలం. కొన్నేళ్ల క్రితం ఫిబ్రవరిలో మేం నలుగురు టీచర్లం అనుమతి తీసుకుని వెళ్లాం. ఒక పక్క కాకినాడ అఖాతం చెరువులా ఉంటుంది. ఇసుక దిబ్బ ఎక్కి అటు దిగితే బంగాళాఖాతం హోరు. రెండింటి మధ్యా కాసేపు నడిస్తే దాటేసే నేల.

ఆ ఇసుక మీద ట్రాక్టరు చక్రం పోయినట్టు ఒక జాడ నీళ్లలోంచి పైకి వెళ్లి, మళ్లీ నీళ్లలోకి దిగింది. రాత్రి ఆలివ్ రిడ్లీ తాబేలు వచ్చి గుడ్లు పెట్టి వెళ్లిన గుర్తు. చలికాలం చివర్లో ఈ తల్లి తాబేళ్లు తీరానికి వస్తాయి. ఇసుకలో గొయ్యి తవ్వి ఒక్కొక్కటి సుమారు వంద గుడ్లు పెడుతుంది. ఆరేడు వారాలకి పిల్లలు బయటికొచ్చి వెలుతురున్న వైపు, అంటే సముద్రం వైపు పరిగెడతాయి. తీరంలో కరెంటు దీపాలుంటే అటు పోయి చచ్చిపోతాయి. ఇసుక వేడిని బట్టి పిల్ల మగదా ఆడదా అన్నది తేలుతుంది.

అదే ఒడ్డున ఇంకాస్త ముందుకెళ్తే ఒక పెద్ద తాబేలు చచ్చిపడి ఉంది. కాకినాడ తీరానికి ఈ కాలంలో ఇలాంటివి కొట్టుకురావడం మామూలే. మర బోట్ల వలల్లో చిక్కితే అది పైకొచ్చి గాలి పీల్చుకోలేక చనిపోతుంది. వలలోంచి తాబేలు బయటపడేలా అమర్చే పరికరాలున్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో మర బోట్ల వేటకి నిషేధమూ ఉంది, కానీ తాబేళ్లు ఒడ్డుకొచ్చేది చాలావరకు అంతకు ముందే. మా పడవ సరంగు గారు ఆ తాబేలుని చూసి, "వలలో తాబేలు పడితే మాకూ నష్టమే మాస్టారూ, వల చిరిగిపోద్ది, చేప పోద్ది. కానీ దాన్ని వదిలే టైములో ఇంకొక లాగుడు పోద్దని చూస్తారు" అన్నారు. తప్పు ఒకరి మీద నెట్టేయకుండా చెప్పిన మాట అది. మన పుస్తకాల్లో "మానవ కార్యకలాపాల వల్ల" అని రాసేస్తాం. ఆ కార్యకలాపాల వెనక ఒక మనిషి, అతని అప్పు, డీజిల్ ఖర్చు ఉంటాయని పిల్లలకి తెలియాలి.

హోప్ ఐలాండ్ దగ్గర నేల పెరిగితే, కాకినాడకి అటువైపు ఉప్పాడలో నేల పోతోంది. ఇళ్లు, రోడ్డు, రాళ్లు పోసిన కట్ట అన్నిటినీ సముద్రం కోస్తోంది. తిరుగు ప్రయాణంలో బస్సుని ఉప్పాడ బీచ్ రోడ్డు దాకా తీసుకెళ్లి పిల్లలకి అది కూడా చూపించాలని నా కోరిక. మడ చూసిన కళ్లతో కోతపడిన తీరం చూడాలి.

ఇది మన తాతల కథ కూడా

కోరంగి ఒకప్పుడు ఓడలు కట్టిన రేవు. అక్కడి నుంచి రంగూన్ వెళ్లిన మన తెలుగువాళ్లని బర్మాలో కోరంగీలు అనేవారు. ఆ రేవుని 1789లో ఒక ఉప్పెన ముంచింది, 1839లో ఇంకొకటి దాదాపు తుడిచిపెట్టింది. ఇప్పుడు ప్రపంచమంతా వాడే సైక్లోన్ అనే మాటని 1840లలో కలకత్తాలో ఉన్న హెన్రీ పిడింగ్టన్ పెట్టాడు. తుపానుల గురించి ఆయన చేసిన రాతల్లో మన కోరంగి ఉప్పెన ఉంది. వాతావరణ శాస్త్రంలో అంత ముఖ్యమైన ఊరు మన పక్కనే ఉంటే, అది పిల్లలకి ఒక బస్టాపు పేరుగానే తెలుసు.

1996 నవంబరు 6 రాత్రి మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. కోనసీమలో కొబ్బరి చెట్లు వరసకి వరస పడిపోయిన రాత్రి. మడ అడవి తుపానుని ఆపలేదు. కానీ ముందుకొచ్చే నీటి జోరుని, అలల దెబ్బని తగ్గించగలదు, ఒడ్డు కోతపడకుండా మట్టిని పట్టి ఉంచగలదు. అందుకే సముద్రానికి, ఊరికి మధ్య ఉన్న ఆ పచ్చని పట్టీ ఎంత మందంగా ఉందన్నది మన ఇంటి విషయం.

ఇక్కడ ఒక ఇబ్బందికరమైన మాట కూడా చెప్పాలి. 1990లలో రొయ్యల చెరువులు పెరిగినప్పుడు మన తీరంలో కొన్నిచోట్ల మడ పోయింది. మీలో చాలామందికి చెరువులున్నాయి. మా ఫీజులు, నా జీతం కూడా కొంత ఆ డబ్బులోంచే వస్తున్నాయి. నింద వేయడానికి ఈ మాట ఎత్తలేదు. సముద్రపు రొయ్య పిల్లలూ, చేప పిల్లలూ, మండపీతలూ పెరిగే చోటు ఈ మడ నీళ్లే. అది పోతే వేటకు వెళ్లేవాడికే ముందు దెబ్బ. చెరువు, మడ రెండూ ఎలా బతకాలి అన్న ప్రశ్న రేపు మన పిల్లలే తేల్చాలి. వాళ్లలో కొందరు ఆక్వా చేస్తారు, కొందరు ఇంజినీర్లవుతారు, ఒకరిద్దరు ఈ తీరం మీద ఫైళ్లకి సంతకం పెట్టే కుర్చీలో కూర్చుంటారు. ఒక్కసారైనా ఆ బురద వాసన తెలియకుండా సంతకం పెట్టకూడదని నా కోరిక.

మీ భయాలు, నా జవాబులు

మొదటిది టెస్ట్. ఈ ట్రిప్ వల్ల మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. డెల్టా, ఆటుపోట్లు, అనుకూలనాలు, ఆహారపు గొలుసు అన్నీ సిలబస్‌లో ఉన్నవే, నిజమే. కానీ మార్కుల పేరు చెప్పి ఈ రోజుని అమ్మితే, వచ్చే ఏడాది మార్కులు పెరగలేదని ఆపేస్తారు. మార్కులతో పనిలేని ఒక్క రోజు ఏడాదిలో ఉండనివ్వండి అన్నదే నా మనవి. ఆ వారం టెస్ట్‌ని వేరే రోజుకి మార్చమని నేను ప్రిన్సిపాల్ గారిని అడిగాను. మీరూ పేరెంట్స్ మీటింగ్‌లో అడగండి. మా మాట కంటే మీ మాట బలం ఎక్కువ.

రెండోది పడవ. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో జరిగిన ప్రమాదం తర్వాత, పడవ అనగానే మన ప్రాంతంలో ఏ తల్లికైనా గుండె ఝల్లుమంటుంది. ఆ భయాన్ని నేను చిన్నచూపు చూడను. నా అభిప్రాయంలో ఆరు, ఏడు, ఎనిమిది తరగతులకి పడవ అక్కర్లేదు. చెక్కల దారి మీద రెండు గంటలు చాలు. తొమ్మిదో తరగతికి మాత్రం, చిన్న గుంపుకి, అనుమతి ఉన్న పడవలో, ఒడ్డు వదలక ముందే ప్రతి ఒక్కరికీ లైఫ్ జాకెట్ కట్టాక, గాలి లేని రోజున. ఈ నాలుగింటిలో ఒక్కటి తప్పినా పడవ ఎక్కించకూడదు. పిల్లలు ఎంత గొడవ చేసినా వెనక్కి తేవాలి. మీ అబ్బాయి వచ్చి "సార్ పడవ ఎక్కనివ్వలేదు" అని ఏడిస్తే, దయచేసి ఆ సార్ పక్షాన నిలబడండి.

మూడోది ఎండ, బురద, దోమలు. ఉంటాయి. టోపీ, నీళ్ల సీసా, పాత బూట్లు, నిండు చేతుల చొక్కా ఇచ్చి పంపండి. కొత్త తెల్ల యూనిఫాం వద్దు.

మా నుంచి ఏం అడగాలి?

చాలా ఏళ్ల క్రితం వేరే బడిలో పనిచేసేటప్పుడు మేం నాలుగు బస్సుల్లో పిల్లల్ని కోరంగికి తీసుకెళ్లాం. ఉదయం ప్రార్థన, గ్రూప్ ఫోటో, టిఫిన్లు అయ్యేసరికి పొద్దెక్కింది. మేం చేరేసరికి నిండు పోటు. వేర్లు, బురద, పీతలు అన్నీ నీళ్ల కింద ఉన్నాయి. రెండు వందల మంది ఒకరినొకరు తోసుకుంటూ ఆ చెక్కల మీద నడిచారు, అరిచారు, సెల్ఫీలు దిగారు, చిప్స్ ప్యాకెట్లు నీళ్లలో వదిలారు. ఒక్క పిట్ట కనిపించలేదు. ఎలా కనిపిస్తుంది? తిరిగొచ్చాక "కోరంగి విజ్ఞాన యాత్ర విజయవంతం" అని నోటీసు బోర్డులో ఫోటోలు పెట్టాం. ఆ రోజు ఆ అడవికి మేం మేలు చేయలేదు, పిల్లలకీ చేయలేదు. అలాంటి ట్రిప్ కంటే ఇంటి దగ్గర చదువుకోవడమే నయం. గేటు దగ్గర నన్నాపిన నాన్నగారు దాన్ని వద్దంటే నేను ఒప్పుకునేవాణ్ణి.

అందుకే కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టేముందు ఈ ప్రశ్నలు అడగండి.

ఆ రోజు పాటు ఎన్ని గంటలకి? పోటు సమయం రోజుకి సుమారు 50 నిమిషాలు చొప్పున వెనక్కి జరుగుతుంది. అమావాస్యకి, పౌర్ణమికి నీళ్లు బాగా ఎక్కి, బాగా తీస్తాయి. తేదీని స్కూలు క్యాలెండర్ చూసి కాదు, పోటు పాటులు చూసి వేయాలి. పుష్యమాసంలో చొల్లంగి అమావాస్య స్నానాలకి వెళ్లిన మీ ఇంటి పెద్దలని అడిగినా ఈ లెక్క చెబుతారు.

ఒకసారికి ఎంతమంది? నా లెక్కలో ఒక టీచరుకి పదిహేను మంది, ఒక రోజుకి ఒక బస్సు. మిగతా సెక్షన్లు వేరే శనివారాల్లో.

అక్కడ చెప్పేది ఎవరు? నాకు పుస్తకం తెలుసు, బురద తెలియదు. అటవీ శాఖ సిబ్బంది ఒకరు, వేట తెలిసిన మనిషి ఒకరు ఉండాలి. ఆ మనిషికి కూలి ఇవ్వాలి, వేదిక మీద కుర్చీ వేయాలి, పిల్లలు ఆయన్ని "గారు" అనాలి.

తిండి దేనిలో? పులిహోర, పెరుగన్నం స్టీలు బాక్సులో. ప్యాకెట్లు బస్సులోకే రాకూడదు.

ఫోన్లు? టీచర్ల దగ్గర ఒకటి, అత్యవసరానికి. పావుగంట ఎవరూ మాట్లాడకుండా నిలబడే సమయం ఒకటి తప్పకుండా ఉండాలి. మొదటి ఐదు నిమిషాలు నవ్వుతారు. ఆ తర్వాత బురదలో టప టప మని బుడగలు పగిలే శబ్దం వినపడుతుంది. పీతలు బొరియల్లోంచి బయటికొస్తాయి.

ఇంటికొచ్చాక

సాయంత్రం పిల్లలు బురద కాళ్లతో వస్తారు. "ఎంజాయ్ చేశావా?" అని అడిగితే "ఊఁ" అని టీవీ ముందు కూర్చుంటారు. దానికి బదులు, "మీరు వెళ్లినప్పుడు పోటా, పాటా?" అని అడగండి. "చెట్టు గాలి ఎలా పీల్చుకుంటోంది?" అని అడగండి. వాళ్లకి తెలియనిది మీకు తెలిస్తే చెప్పండి. 1996లో మీ ఇంట్లో ఏం జరిగిందో చెప్పండి. సముద్రంలో ఇలసగా ఉన్న చేప వరద నీటికి ఎదురెక్కి వచ్చి గోదావరిలో పులస ఎలా అవుతుందో మీ నాన్నగారి చేత చెప్పించండి. ఆ సంగతులు మా స్కూల్లో ఎవరూ చెప్పలేరు.

వీలైతే మీరే ఒక ఆదివారం ఇంటిల్లిపాదీ వెళ్లండి. ట్రిప్‌కి రాలేకపోయిన పిల్లలకి అదే ట్రిప్.

సర్కులర్‌తో వచ్చిన ఫారం ఇంకా మీ దగ్గరే ఉంటే, ఈ నెలాఖరులోగా క్లాస్ టీచరుకి పంపండి. వెనక వైపు ఖాళీలో మీ ప్రశ్నలు రాయండి. ప్రతి ప్రశ్నకీ జవాబు ఇచ్చే బాధ్యత నాది. గేటు దగ్గర నన్నాపిన నాన్నగారు కూడా ఇది చదువుతున్నట్టయితే, ఆయనకి ఒక మాట: మీ అబ్బాయి సీటు ఇంకా ఖాళీగానే ఉంచానండీ.

ఇట్లు,
మీ బ్రాంచీ బయాలజీ మాస్టారు